ఫూరియే పండితుని చరిత్రము

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ గలదు. 1918వ సంవత్సరమున స్థాపింపబడిన ఆ విద్యాలయమునకు మకుటాయమానమైన ఆర్ట్సు కళాశాలా భవనము 1939లో ప్రారంభోత్సవము నొందెను. ఆ ఆవరణను దాటి మరికొంత తూర్పునకు బోయినచో తార్నాక యను పేట వచ్చును. సంస్థాన పరిపాలనా కాలమున 1944లో నెలకొల్పబడి, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర వెలయుచున్న పరిశోధనాలయము అచ్చటనే యున్నది. దానికి సమీపముననే, ఉప్పలు మార్గమున, 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ గలదు. ఒకచోట బాలబాలికలు పాఠములు నేర్చుచున్నారు. ఒకచోట ఔషధముల అణువులను పరీక్షించుచున్నారు. వేరొకచోట భూమి అదురును కొలిచి వ్రాయుచున్నారు. పనులు వేరు, పరికరములు వేరు. అయినను ఈ మూడు తావులందును తప్పక వినబడు పేరొకటి గలదు. ఫ్రాన్సు దేశమున ఒక దర్జీ ఇంట బుట్టి, 1830లో గతించిన జోసెఫ్ ఫూరియే పండితుని పేరది. రెండువందల యేండ్లకు ముందు ఇనుపకట్టులోని వేడిమిని గూర్చి విచారించిన ఒక ప్రభుత్వోద్యోగి లెక్క, నేడు మన టెలిఫోనులోని మాటను, పళ్ళెములోని పాటను, తార్నాకలోని పరిశోధనను ఎట్లు నడుపుచున్నదో తెలిసికొనుట మనకు లాభకరము.

ఫూరియే 1768వ సంవత్సరము మార్చి 21వ తేదీన ఓసేర్ అను పట్టణమున జన్మించెను. ఇల్లు నిండ పిల్లలు. ఆదాయము కుట్టుపని వలన వచ్చునది మాత్రమే. బాలునకు తొమ్మిది పదియేండ్ల ప్రాయము వచ్చునప్పటికి తల్లియు దండ్రియు నొకరి వెనుక నొకరు కాలధర్మము నొందిరి. అట్టి అనాథ బాలురు చదువునకు దూరమై కూలిపనికి జేరుట లోకమున సామాన్యము. కాని వీని తెలివిని గుర్తించిన దయాళువులు బిషప్పుగారికి సిఫారసు చేయగా, ఆ పట్టణపు సైనిక పాఠశాలలో స్థానము దొరికెను. దానిని బెనెడిక్టీను సన్న్యాసులు నడుపుచుండిరి. పదునాలుగేండ్లకే ఫూరియే, బెజూ అను గ్రంథకర్త రచించిన ఆరు సంపుటముల గణితపాఠములను ఆమూలాగ్రముగ జదివి ముగించెను. పగటివేళ చాలక, కాలి మిగిలిన క్రొవ్వొత్తి తునకలను ప్రోగుచేసికొని, తోడి విద్యార్థులు నిద్రించిన పిమ్మట ఆ వెలుతురున లెక్కలు చేయుచుండెడివాడని చెప్పుదురు.

యౌవనమున నాతడు సైన్యమునందు శాస్త్రసంబంధమైన కొలువును గోరగా, ఉన్నతవంశజుడు కాడని త్రోసివేసిరట. అందుచే 1787లో సన్న్యాసాశ్రమమునకై మఠమున జేరెను. దీక్ష పూర్తిగాకుండగనే 1789లో వెలికివచ్చి, తాను చదివిన పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యెను. ఆ యేడే ఫ్రెంచి విప్లవము చెలరేగెను. పుట్టుకను బట్టి మనుష్యుని విలువ గట్టు పద్ధతి పోవునని యాశించి ఫూరియే 1793లో ఆ యూరి విప్లవసంఘమున జేరెను. కాని విప్లవము తన బిడ్డలనే బలిగొన నారంభించెను. 1794లో నాతడు నిర్బంధింపబడెను. ఆ దినములలో చెరసాల ద్వారము దాటినవారికి శిరచ్ఛేద యంత్రమే గతియని జనులు భయపడుచుండిరి. అంతలో రోబెస్పియరు పతనమగుటచే ఆతనికి ప్రాణము దక్కెను.

1795లో పారిస్ నగరమున నూతనముగ స్థాపింపబడిన ఉపాధ్యాయ విద్యాలయమున ఫూరియే విద్యార్థిగ జేరెను. లగ్రాంజి, లప్లాసు, మోంజి యను మహాపండితులు అచ్చట బోధకులు. రెండేండ్లలోనే, అనగా 1797లో, పారిస్‌నందలి పాలిటెక్నిక్ విద్యాలయమున లగ్రాంజి వదలిన ఆచార్యపదవి ఈ శిష్యునకు లభించెను. ఆ గురువే ముందునకు ఆతని సిద్ధాంతమునకు ప్రధాన ఆక్షేపకుడగునని అప్పుడెవ్వరును ఊహింపలేదు.

1798లో నెపోలియను ఈజిప్టుపై దండెత్తినప్పుడు తన వెంట గొనిపోయిన పండితులలో ఫూరియే యొకడు. కైరో నగరమున స్థాపించిన విద్వత్పరిషత్తునకు కార్యదర్శిగ నుండి 1801లో స్వదేశమునకు మరలివచ్చెను. ఆ యెండలకు అలవాటుపడిన శరీరము ఫ్రాన్సు చలికి ఓర్వలేకపోయెననియు, ఆ పిమ్మట జీవితాంతము గదులను వెచ్చగ నుంచి, దళసరి దుస్తులు ధరించుచుండెననియు చెప్పుదురు.

ఆచార్యపదవికే మరలవలెనని ఆతని కోరిక. నెపోలియను మాత్రము గ్రెనోబులు పట్టణము ముఖ్యస్థానముగా గల ఇజేరు జిల్లాకు ఆతనిని పాలనాధికారిగ నియమించెను. మన జిల్లా కలెక్టరు పదవి వంటిదే యది. సుంకములు, దస్తావేజులు, తగవులు, బాటలు, లెక్కలు, ఇవి నిత్యకృత్యములయ్యెను. బుర్గ్వేను ప్రాంతపు చిత్తడినేలలు చిరకాలముగ జ్వరములకు నిలయములై యుండెను. నీటిని మళ్ళించినచో ఎవరి హక్కు పోవునో యని గ్రామములవారు కలహించుటచే పని సాగకుండెను. ఫూరియే ఓర్పుతో అందరిని సమాధానపరచి ఆ నేలల నీటిని తీయించి సాగునకు దెచ్చెను. గ్రెనోబులు నుండి ఇటలీలోని తురీను వరకు బాట వేయించు పనినిగూడ సాగించెను. కాలువ నీటి పంపకమున నెన్ని తగవులు వచ్చునో యెరిగిన మన గ్రామస్థులకు ఆ ఓర్పు విలువ వేరుగ జెప్పనక్కరలేదు.

ఈ యుద్యోగభారము నడుమనే ఆతడు ఉష్ణప్రసారమును గూర్చిన గణితమును నిర్మించెను. బండిచక్రమునకు ఇనుపకట్టు వేయుటను పల్లెలయందు చూచినవారు పెక్కురుందురు. అట్టి ఇనుపకట్టును ఒక ప్రక్క మాత్రమే కాల్చి వెలికి దీసితి మనుకొందము. మొదట ఒక ప్రక్క ఎర్రన, మరొక ప్రక్క చల్లన. పిదప వేడిమి క్రమముగ చుట్టును ప్రాకి అంతట సమమగును. ఏ క్షణమున ఏ తావున ఎంత వేడి యుండునో ముందుగ లెక్కగట్టి చెప్పవచ్చునా? ఇదియే ఫూరియే వేసికొన్న ప్రశ్న. ఇనుప వలయములను వేడిచేసి ఉష్ణమాపకములతో తానే కొలిచి చూచెను.

ఆతని యుపాయమిది. వలయముచుట్టు గల వేడిమి హెచ్చుతగ్గులను ఒక గీతగ గీయుదుము. ఆ గీత ఎంత వంకర టింకరగ నున్నను, దానిని నున్నని సామాన్య తరంగముల మొత్తముగ విడదీయవచ్చును. చుట్టునకొక్క మారు లేచి పడు తరంగ మొకటి, రెండు మారులు లేచి పడునది ఒకటి, మూడు మారులది ఒకటి, ఇట్లు వరుసగ. తంబుర తీగను మీటినప్పుడు ఆధారశ్రుతితో పాటు దానిపై స్వరములును సన్నగ మ్రోగునట్లే యిది. తీగల విషయమున ఇట్టి యూహను డేనియల్ బెర్నూలీ యను పండితుడు పూర్వమే చెప్పియుండెను. ఫూరియే దానిని ఏ గీతకైనను వర్తింపజేసి, ఒక్కొక్క తరంగము పాలు ఎంతయో కనుగొను సూత్రమును గూడ నిచ్చెను. విడదీసిన పిమ్మట లెక్క సులభము. ప్రతి తరంగమును తన పాటికి తాను ఒక నియమముచే క్షీణించును. రెండురెట్లు తరచైన తరంగము నాలుగురెట్లు త్వరగ నణగును. మూడురెట్లు తరచైనది తొమ్మిదిరెట్లు త్వరగ నణగును.

ఇదే నియమముచే ఆతడు భూమిలోని వేడిమిని గూర్చియు చెప్పగలిగెను. పగలు రాత్రియు కలుగు వేడి చలుల తరంగము త్వరితమైనది గనుక నేలలో కొద్ది లోతుననే నశించును. వేసవి, శీతకాలముల తరంగము మెల్లనిది గనుక దానికంటె సుమారు 19 రెట్లు లోతునకు పోవును. బయట ఎండ మండుచున్నను ధాన్యపు పాతర యడుగు చల్లగ నుండుటకు కారణ మిదియే.

1807 డిసెంబరు 21వ తేదీన ఫూరియే ఈ సిద్ధాంతమును పారిస్ పండితపరిషత్తునకు సమర్పించెను. లగ్రాంజి, లప్లాసు, మోంజి, లక్రువా అను నలుగురు పరీక్షకులు. అందు లగ్రాంజి అంగీకరింపలేదు. ఆతని సంశయము ఈర్ష్యవలన బుట్టినది కాదు. మూలలు గల గీతను, నడుమ తెగి యెగసిన గీతను, నున్నని తరంగములు కలిసి యెట్లు చేయగలవు? అంతులేని తరంగముల మొత్తము నిజముగ ఆ గీతనే చేరునని నిరూపణ మెచ్చట? ప్రశ్న న్యాయమైనదే. ఫూరియే యొద్ద ఫలితము గలదు గాని సంపూర్ణమైన నిరూపణము లేదు. వ్యాసము అచ్చు గాలేదు.

పరిషత్తువారు ఉష్ణప్రసారమునే విషయముగ జేసి బహుమతిని ప్రకటింపగా, ఫూరియే తన రచనను పెంచి 1811లో మరల పంపెను. మరుసటి యేట బహుమతి వచ్చెను. దానితో పాటు నిరూపణము చాలదను వ్యాఖ్యయు వచ్చెను. ఈ మారును అచ్చు లేదు. బహుమతి నిచ్చి ప్రచురింపకుండుట పంక్తిలో గూర్చుండబెట్టి వడ్డింపకుండుట వంటిది. ఫూరియే నొచ్చుకొనెను గాని విడువలేదు. జిల్లా పనులు ముగిసిన పిమ్మట తన వ్రాతను తిరిగి తిరిగి దిద్దుచు గ్రంథముగ కూర్చుచుండెను.

అంతలో రాజ్యములు తారుమారయ్యెను. 1815లో నెపోలియను ఎల్బా ద్వీపము నుండి తప్పించుకొని గ్రెనోబులు మీదుగ పారిస్‌నకు వచ్చెను. ఫూరియే ఆతనికి ఎదురుపడక పట్టణమును వదలెను. నెపోలియను మొదట కోపించి, పిదప రోను జిల్లా పాలన నిచ్చెను. కొలది కాలమునకే ఆ పదవియు పోయెను. నెపోలియను పతనానంతరము ఫూరియే పారిస్‌నందు జీవనోపాధి లేని స్థితిలో నుండగా, సేను జిల్లా గణాంక కార్యాలయమున అధ్యక్షపదవి దొరికెను. జనసంఖ్య, జననములు, మరణములు లెక్కించుట ఆతని పని. 1816లో పరిషత్తు ఆతనిని సభ్యునిగ నెన్నుకొనగా, పూర్వపు రాజకీయములను దృష్టియందుంచుకొని రాజు సమ్మతింపలేదు. మరుసటి యేట మరల నెన్నుకొనగా సమ్మతించెను.

1822లో ఫూరియే పరిషత్తునకు శాశ్వత కార్యదర్శి యయ్యెను. ఆ యేడే ఉష్ణమును గూర్చిన ఆతని మహాగ్రంథము వెలువడెను. మొదటి వ్యాసము సమర్పించిన 15 యేండ్లకు సిద్ధాంతము లోకమునకు ముద్రితమై యందెను. అప్పటికి లగ్రాంజి గతించి తొమ్మిదేండ్లు. తరువాత, పూర్వము బహుమతి పొందిన వ్యాసమును గూడ పరిషత్తు అచ్చువేసెను. 1824లో ఆతడు భూమి వెచ్చదనమును విచారించుచు, సూర్యకాంతిని లోనికి రానిచ్చి, నేలనుండి వెడలు వేడిమిని గాలిపొర కొంత ఆపునని సూచించెను. నేడు లోకమంతయు చర్చించుచున్న వాతావరణపు వేడిమికి అది తొలిపలుకులలో నొకటి.

ఆతని తుదిదినములందు నొక విషాదము గలదు. గల్వా యను యువగణితవేత్త 1830లో తన వ్యాసమును పరిషత్తునకు పంపగా, అది కార్యదర్శియైన ఫూరియే చేతికి వచ్చెను. అది పరీక్షింపబడకమునుపే, మే 16వ తేదీన, ఫూరియే కన్నుమూసెను. వ్యాసము మరల దొరకలేదు. తన వ్రాత యేండ్లకొలది మూలబడుటచే నొచ్చిన పెద్దయొద్దనే మరొక మేధావి వ్రాత మాసిపోవుట విధివిలాసమనవలెను. వ్రాతప్రతులను భద్రపరచు చోటులకు గల గౌరవము ఇట్టి కథలచే తెలియును.

లగ్రాంజి సంశయము మాత్రము వ్యర్థము కాలేదు. ఫూరియే మరణమునకు ముందటి యేడు, 1829లో, డిరిక్లే యను జర్మను పండితుడు ఏయే నియమములు గల గీతలకు ఈ విభజనము నిశ్చయముగ చెల్లునో నిరూపించెను. ఆక్షేపణకు జవాబు వెదకుటలోనే పందొమ్మిదవ శతాబ్దపు గణితము గట్టిపడెను.

ఇంక నీ విద్య నేటి యంత్రములకెట్లు చేరెను? భూమి కొలతను ఎరిగినవారికి ఇది సుబోధము. చెరువుగట్టు వంకరలను పటమున దింపుటకు, సూటిగ సర్వే గొలుసు పరచి, దానినుండి గట్టువరకు నిర్ణీత దూరముల కొక అడ్డకొలత తీయుదురు. గట్టు మెల్లగ వంగినచోట కొలతలు దూరదూరముగ నున్నను చాలును. వంకలు తరచైనచోట దగ్గరగ తీయవలెను. లేనియెడల నడుమ వంక యొకటి పటమునకెక్కకయే పోవును. శబ్దమును అంకెలుగ మార్చుటయు నిట్టిదే. గాలి అదురును సెకనుకు ఇన్ని మారులని కొలిచి ఆ కొలతలను వ్రాసియుంచుట, వీనినే నమూనాలందురు.

ఎన్ని నమూనాలు చాలును? ఇచ్చటనే ఫూరియే అక్కరకు వచ్చును. శబ్దమును తరంగములుగ విడదీయగా, అందు మిక్కిలి త్వరితమైన తరంగము సెకనుకు ఎన్ని మారులు లేచి పడునో, దానికి రెట్టింపునకు మించి నమూనాలు తీసిన చాలును. అప్పుడు నమూనాలనుండి మొదటి శబ్దమును ఇంచుమించుగ గాదు, పూర్తిగ మరల గట్టవచ్చును. చెరువుపటమున బిందువుల నడుమ ఊహచే గీత గీయుదుము. ఇచట ఊహకు తావే లేదు. విట్టేకరు 1915లోను, నైక్విస్టు 1928లోను, రష్యా దేశీయుడు కొతెల్నికోవు 1933లోను ఈ సత్యమునకు వేర్వేరు త్రోవల దారితీసిరి. 1949లో అమెరికావాడగు షానను దీనిని విస్పష్టముగ వివరించెను. టెలిఫోనులో మాటను సెకనుకు 4,000 అదురులకు లోబరచి 8,000 నమూనాలు తీయుట పరిపాటి. మనుష్యుని చెవి సుమారు 20,000 వరకు వినగలదు గనుక, పాటల కాంపాక్టు పళ్ళెములపై 44,100 నమూనాలు తీసిరి.

నియమమును మీరినచో కలుగు దోషమును చలనచిత్రములందు చూడవచ్చును. ముందునకు బోవు బండిచక్రము తెరపై వెనుకకు తిరుగుచున్నట్లు తోచును. చిత్రమున సెకనుకు 24 బొమ్మలు మాత్రమే యుండును. ఒక బొమ్మకు మరొక బొమ్మకు నడుమ ఒక ఆకు తన ముందరి ఆకు స్థానమునకు రవ్వంత తక్కువగ జేరినచో, కంటికది వెనుకకు జరిగినట్లగును. నమూనాలు చాలనిచో త్వరితమైనది మెల్లనిదిగ వేషము మార్చుకొని మోసపుచ్చును. అందుచే యంత్రములందు కొలతకు మునుపే మితిమీరిన త్వరిత తరంగములను జల్లెడపట్టి తీసివేయుదురు.

ఇంక నొక చిక్కు మిగిలెను. వేలకొలది నమూనాలనుండి తరంగముల పాళ్ళను కనుగొనుటకు గుణకారములు విస్తారము. 1,024 నమూనాలకు నేరుగ చేసినచో పదిలక్షలకు పైబడును. 1965లో కూలీ, ట్యూకీ యను వారు ప్రకటించిన పద్ధతిచే అది సుమారు పదివేలకు దిగెను. ఇట్టి యుపాయమును గౌసు మహాపండితుడు 1805 ప్రాంతముననే చిన్నగ్రహముల గతులను గణించుచు కనుగొని ప్రకటింపక వదలెను. అది ఆతని మరణానంతరము 1866లో అచ్చయ్యెను. మూలబడిన వ్రాతలు ఫూరియే గృహమున మాత్రమే కాదన్నమాట.

ఇపుడు తార్నాకకు మరలుదము. రసాయనశాస్త్రజ్ఞులు తాము చేసిన పదార్థమును బలమైన అయస్కాంతమున నుంచి, రేడియో తరంగముతో ఒక్క తాకు తాకుదురు. గుడిగంటను కొట్టినట్లు అణువులోని బీజములు మ్రోగి అణగును. ఆ మ్రోత అనేక స్వరముల కలగలుపు. దానిని నమూనాలుగ తీసి ఫూరియే పద్ధతిచే స్వరములుగ విడదీయగా, అణువు కట్టడము తెలియును. భూభౌతికశాస్త్రజ్ఞులు భూమి అదురును అట్లే అంకెలుగ మార్చి, దూరపు పెద్ద కంపముల మెల్లని తరంగములను దగ్గరి లారీల అదురునుండి వేరుచేయుదురు. ఇరుగుపొరుగున నున్న రెండు సంస్థలలో, అణువును వినువారికిని భూగోళమును వినువారికిని లెక్క యొక్కటే.

ఉస్మానియా విశ్వవిద్యాలయమును గూర్చి మరొక మాట చెప్పదగియున్నది. అది ఉరుదూ భాషలో ఉన్నతవిద్య గరపుటకు స్థాపింపబడినది. అందులకై శాస్త్రగ్రంథములను అనువదించు కార్యాలయమును గూడ నెలకొల్పిరి. అచ్చటి తొలి విద్యార్థులలో నొకడగు రజీయుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జిలోను, జర్మనీలోని లైప్‌జిగ్‌లోను చదివి, ఉష్ణసమీకరణముల జాతికి చెందిన కఠినతర సమీకరణములపై పరిశోధన చేసి, తిరిగివచ్చి తాను చదివిన చోటనే గణితాచార్యుడయ్యెను. దేశభాషలో చదివినవానికి పెద్దగణితము అందదనుట సత్యదూరమని ఆతని చరిత్రము చాటుచున్నది.

ఇటీవలి కాలమున జీర్ణించుచున్న పాత తెలుగు గ్రంథముల పుటలను ఛాయాచిత్రములుగ దీసి అంకెల రూపమున భద్రపరచుచున్నారు. ఆ చిత్రములను తక్కువ చోటులో నిముడ్చు పద్ధతులలో ముఖ్యమైనది ఫూరియే విభజనమునకు తోబుట్టువే. పుటలోని నలుపు తెలుపుల హెచ్చుతగ్గులను తరంగములుగ విడదీసి, కంటికి ముఖ్యమైనవానిని నిలుపుకొని, కానరానివానిని వదలివేయుదురు. తన వ్రాత 15 యేండ్లు అచ్చునకు నోచుకొనని పండితుని విద్య, ఇతరుల వ్రాతలు నశింపకుండ కాపాడుచున్నది. క్రొవ్వొత్తి తునకల వెలుతురున ఆరు సంపుటములను చదివిన ఆ దర్జీ కుమారునకు గ్రంథాలయములు ఋణపడియున్నవి. గ్రంథాలయమునకు వచ్చు ప్రతి బాలునియందును అట్టి పట్టుదల మొలకెత్తుగాక.